పెరటి వేలూరు, పొరుగు ఉగాండా

చిత్తూరు వాళ్లకు దేవుడిచ్చిన వెసులుబాటు ఒకటుంది. రోగులే రైలెక్కి మన పక్కకొస్తారు. బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చి కాట్పాడిలో దిగుతారు. ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని వేలూరు సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల్లో వారాల తరబడి ఉంటారు. చిత్తూరు బస్టాండులో బస్సెక్కితే గంట, గంటంబావు. అయినా రోగుల కోసం ప్రార్థించాలన్న భారం కలిగిన మన క్రైస్తవ సంఘాలు ఆ బస్సెక్కవు, ఉగాండా విమానం ఎక్కుతాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా? పైగా వేలూరు బస్టాండులో దిగిన ఫోటో స్టేటస్‌లో పెడితే ఎవరూ 'స్తోత్రం' అని రాయరు.

యాత్ర ఎలాగూ ఆగేది కాదు గనక, చక్కగా జరగడానికి కొన్ని జాగ్రత్తలు విన్నవించుకుంటున్నాం.

అన్నిటికన్నా ముందు కావలసింది విశ్వాసం అనుకుంటారు. కాదు, ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ పసుపు రంగు కార్డు పాస్‌పోర్టులో పెట్టుకోవాలి. అది లేకుండా తిరిగొస్తే మనవాళ్లే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. స్వస్థత వరం ఉందని చెప్పినా వదలరు. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ రోజుకొకటి, బయలుదేరే ముందు ఒకట్రెండు రోజుల నుంచి మొదలుపెట్టి, వచ్చాక కూడా 4 వారాలు మింగాలి. టైఫాయిడ్ టీకా, దోమల క్రీము, ఓఆర్‌ఎస్ పొట్లాలు, సీలు విప్పని నీళ్ల సీసాలు, జబ్బు పడితే విమానంలో వెనక్కి తెచ్చే ఇన్సూరెన్సు కూడా ఉండాలి. రోగాల్ని గద్దించడానికి వెళ్లే మనిషి రోగాలకు ఇంత మర్యాద ఇవ్వడం ముచ్చటగా ఉంటుంది.

ఇక నూనె. యాకోబు పత్రిక 5:14లో నూనె రాయమని ఉంది కానీ ఎంతో లేదు. ఆ లోటును విమానాశ్రయం వాళ్లు పూడ్చారు: చేతి సంచిలో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. పెద్ద సీసా లగేజీలో వేస్తే మూత బిగించి, ప్లాస్టిక్ కవరులో చుట్టాలి. లేకపోతే మొదటి అభిషేకం చొక్కాలకు జరుగుతుంది. అన్నట్టు, అదే వచనంలో రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది. పెద్దలు టికెట్టు కొనుక్కుని రోగిని వెతుక్కుంటూ పోవాలని లేదు. అచ్చుతప్పు కావచ్చు.

అసలు పని కూటంలో మొదలవుతుంది. 2 గంటల కూటానికి 60 మంది వరుసలో నిలబడితే మనిషికి 2 నిమిషాలు. మనది తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, అవతల లుగాండా. ప్రతి మాటా మూడుసార్లు పలకాలి గనక రోగికి మిగిలేది 40 సెకన్లు. పేరు, జబ్బు, ఎన్నాళ్ల నుంచి, ప్రార్థన, ఆమెన్ అన్నీ అందులోనే. ఒకావిడ కడుపులోంచి పులుపు ఎగదన్ని మండుతోందంటుంది. మొదటి దుబాసీ 'హార్ట్‌బర్న్' అంటాడు. రెండో దుబాసీకి అందులో 'హార్ట్' ఒక్కటే వినబడుతుంది. సాయంత్రానికి చిత్తూరు వాట్సాప్ గ్రూపులో గుండెజబ్బు మాయం! ఆవిడకు మంట తగ్గిందన్నది అబద్ధం కాకపోవచ్చు. కూటం అయ్యాక పెట్టిన పోషో, అదే మన సంగటి లాంటిది, ఆకలి కడుపుకు ఆ మాత్రం చేస్తుంది.

ప్రార్థనకు ముందు, తర్వాత 'నొప్పి 10కి ఎంత?' అని అడగడం మంచి పద్ధతే. కాకపోతే నడుంనొప్పి, మోకాళ్లనొప్పి వాటంతట అవే ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. బాగా ఎక్కువైన రోజే మనిషి వరుసలో నిలబడతాడు, ఆ తర్వాత దిగడమే మిగులుతుంది. దూరదేశం నుంచి వచ్చిన నలుగురు భుజం మీద చేతులేసి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, 8 అన్నవాళ్లు మొహమాటానికైనా 5 అంటారు. మర్నాడు అదే వేళకు మళ్లీ అడిగితే నిజం తెలుస్తుంది. మర్నాడు మన బృందం జింజాలో నైలు నది చూస్తూ ఉంటుంది.

బేత్సయిదాలో గుడ్డివాణ్ని యేసు మధ్యలో ఆపి కనబడుతోందా అని అడిగాడు. మనుషులు చెట్లలా నడుస్తున్నారని అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పుడు మళ్లీ చేతులుంచాడు. మనమైతే 'చెట్లు' అన్న దగ్గరే మైకు లాక్కుని చప్పట్లు కొట్టించేవాళ్లం. కుష్ఠరోగితో ఎవరికీ చెప్పొద్దనీ, వెళ్లి యాజకుడికి చూపించుకోమనీ అన్నాడు. అక్కడ కెమెరాకు చోటు లేదు, పరీక్షకు ఉంది.

వెనక్కి పడిపోవడం గురించి కూడా చెప్పాలి. కళ్లు మూసి, చేతులెత్తి, తల వెనక్కి వాల్చి నిలబడ్డ మనిషి ఎలాగూ ఊగుతాడు. నుదుటి మీద ఒక వేలు చాలు. అందుకని వెనకాల పట్టుకునేవాళ్లు ఇద్దరుండాలి, స్త్రీలకు దుప్పటి ఉండాలి. సిమెంటు గచ్చు మీద ముసలమ్మ పడితే తుంటి విరుగుతుంది, అప్పుడు సాక్ష్యం వేరేగా ఉంటుంది. పొట్టి కాలు పొడుగు చేయడం ఇంకా తేలిక: కుర్చీలో నడుం కాస్త వంకరగా కూర్చోబెట్టి, వదులు చెప్పు మడమ దగ్గర లాగితే కాళ్లు సమానమవుతాయి.

ఒక్కచోట మాత్రం వేళాకోళం కుదరదు. 'నయమైంది, మాత్రలు పారేయ్' అన్న మాట వేదిక మీద ఎవరి నోటా రాకూడదు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. టీబీ మందు 6 నెలలు వాడాలి. దగ్గు ముందే తగ్గుతుంది, అక్కడ ఆపితే మందుకు లొంగని టీబీ తయారవుతుంది. హెచ్ఐవీ మాత్రలు ఆపితే కొన్ని వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. వరుసలో జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డ ఉంటే వరుసలోంచి తీసి ముందు మలేరియా పరీక్షకు పంపాలి. కిట్టు మీద 15, 20 నిమిషాల్లో తేలుతుంది. మలేరియా అని తేలితే మందు ఆర్టెమెథర్-లుమెఫాంట్రిన్, 3 రోజుల్లో 6 మోతాదులు. ఆలస్యమైతే ఒక్క రోజులో చేయి దాటుతుంది. బృందం సంచిలో ఎవరి మాత్రలు వాళ్లకున్నాయి, ఆ బిడ్డకే లేవు.

ఇంటిదగ్గర ఉండి ప్రార్థించేవాళ్లకూ ఒక మనవి. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ అయిన 1802 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. తమకోసం ఎవరైనా ప్రార్థన చేస్తారో లేదో తెలియని వాళ్లలో, ప్రార్థన జరిగినవాళ్లకు 52 శాతం మందిలో, జరగనివాళ్లకు 51 శాతం మందిలో ఇబ్బందులు వచ్చాయి. 'మీకోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది' అని ముందే చెప్పినవాళ్లలో 59 శాతం. కాబట్టి ప్రార్థన మానక్కర్లేదు, ఆ సంగతి రోజూ మెసేజ్ పెట్టడం తగ్గించుకుంటే మేలేమో.

పొడుగాటి యాత్రల నమూనా కావాలంటే మన పక్కనే ఉంది. వేలూరు సీఎంసీ స్థాపించిన ఐడా స్కడర్ ఇంటికి ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లొచ్చి, ప్రసవంలో అల్లాడుతున్న భార్యల కోసం పిలిచారు. మగ డాక్టరును రానివ్వరు. ఆవిడకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు భార్యలూ చనిపోయారు. ఆవిడ అమెరికా వెళ్లి వైద్యం చదివింది. 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల తెరిచింది. 1960లో ఈ దేశంలోనే, కొడైకెనాల్‌లో కన్నుమూసింది. తిరుగు టికెట్టు తీసుకోవడం మరిచినట్టుంది.

చివరగా, ఉగాండా నుంచి వచ్చాక నెలా రెండు నెలల్లో చలిజ్వరం వస్తే, ప్రార్థన చేసుకుంటూనే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పాలి. వేలూరు బస్సులు తరచుగానే ఉంటాయి. ఓపీ వరుసలో ముందు నిలబడ్డ బెంగాలీ మనిషి కాస్త జరిగి చోటిస్తాడు. వరుస మెల్లగా కదులుతుంది. అతని జబ్బేమిటో అడగడానికి 40 సెకన్ల కంటే ఎక్కువే దొరుకుతుంది.