ముఖాల డేటాసెట్ గారికి, లోపల ఇరుక్కున్న ఒక ముఖం రాయునది

ముఖాలు గుర్తుపట్టడం కంప్యూటర్లకి నేర్పడానికి మా ఫొటోలు కుప్పపోసుకున్న మహారాజశ్రీ డేటాసెట్ గారికి,

నిన్న మధ్యాహ్నమంతా మీ సేవలోనే గడిచింది. నా పాత ఆల్బమ్ లింకు మీ జాబితాలో కనబడితే, దయచేసి నన్ను తీసేయండి అని మర్యాదగా రాశాను. మిమ్మల్ని పెంచి పోషిస్తున్న ల్యాబ్ నుంచి అంతకన్నా మర్యాదగా జవాబొచ్చింది. తీసేయాలంటే ముందు నేనెవరో తేలాలట, కాబట్టి ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో, దాంతోపాటు ఒక గుర్తింపు కార్డు పంపాలట. కళ్లజోడు వద్దట. ఇన్నాళ్లూ మీ దగ్గరున్నది గ్రూప్ ఫొటోలో మూలన సగం తెగిపోయిన నేను, బయటికి రావాలంటే మాత్రం పేరూ పుట్టిన తేదీతో సహా నిండుగా నేను కావాలి! లోపలికి లాక్కున్నప్పుడు ఏ కార్డూ అడిగినట్టు లేదే?

‘పబ్లిక్‌గా పెట్టారు కదా’ అంటారు, తెలుసు. 1993లో అమెరికా రక్షణ శాఖ ఫెరెట్ అనే మీ పెద్దన్న కోసం మనుషుల్ని పిలిచి, కూర్చోబెట్టి ఫొటోలు తీయించింది. మిలటరీ వాళ్లకున్న ఆ మాత్రం మర్యాద కూడా మీకు బరువైపోయింది.

2018లో జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లను పరీక్షిస్తే, ముఖం చూసి ఆడా మగా తేల్చడంలో నల్లటి ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా తప్పులు దొర్లాయి. దానికి మీవాళ్లు కనిపెట్టిన మందు, ఇంకాసిని ముఖాలు ఎత్తుకురావడం. మరుసటి ఏడాదే ఐబీఎం వైవిధ్యం పేరు చెప్పి ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్ నుంచి పది లక్షల ఫొటోలు పోగేసింది.

సరే, అవన్నీ వదిలేద్దాం. ‘తీసేశాం’ అంటారే, ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. మైక్రోసాఫ్ట్ లక్షమంది ‘సెలబ్రిటీల’ పేరుతో దాదాపు కోటి ఫొటోలు పోగేసింది, అందులో నిఘాని ఎండగడుతూ రాసే జర్నలిస్టులూ ఉన్నారు. 2019లో చప్పుడు లేకుండా ఆ పేజీ మూసేశారు. డ్యూక్ యూనివర్సిటీ 2014లో క్యాంపస్‌లో ఎనిమిది కెమెరాలు పెట్టి, నడిచిపోతున్న రెండు వేలమందికి పైగా మనుషుల్ని రికార్డు చేసి, అదే 2019లో సారీ చెప్పి తీసేసింది. తీసేసింది దేన్ని? తన సర్వర్‌లో ఉన్న కాపీని. అప్పటికే దింపుకున్నవాళ్ల దగ్గర అవి భద్రంగా ఉన్నాయి, వాటి మీద పేపర్లు ఆ తర్వాతా వచ్చాయి, కొన్నయితే శుభ్రం చేసి వేరే పేరుతో మళ్లీ పంచారు. వీధిలో పారబోసిన బియ్యంలోంచి నా గింజ ఏరి ఇస్తానంటావా? నీతో పాఠాలు నేర్చిన ఎవడి ఏఐ మోడల్‌లో కలిసిపోయానో నీకే తెలియదు, నువ్వు నన్నేం తీస్తావు?

అందుకే ఇంకో మెయిల్ పెట్టాను. నా ఫొటో తర్వాత సంగతి, ముందు నిన్ను ఎవరెవరు దింపుకున్నారో ఆ జాబితా ఇవ్వమన్నాను. అది కుదరదట. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ప్రైవసీకి భంగమట.

వాళ్లకుందట, ప్రైవసీ!