డీలక్స్‌కి దిక్కెవరు?

రూపాయి పది పైసలు జారితే టీవీల్లో నలుగురు నిపుణులు కూర్చుని గుండెలు బాదుకుంటారు. మన కళ్లెదుటే ‘సూపర్’ అనే మాట చిల్లర నాణెమైపోయింది, అడిగిన నాథుడు లేడు. ఎలా ఉన్నావురా అంటే జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా ‘సూపర్’ అంటున్నాడు. ఆర్థికశాఖ ఉన్నట్టే విశేషణాల శాఖ కూడా పెట్టాల్సిన టైమొచ్చిందని ప్రభుత్వాలకి సవినయంగా మనవి చేస్తున్నాను.

పరిస్థితి ఎంతవరకొచ్చిందో తెలియాలంటే ఆర్టీసీ నిచ్చెన చూడండి. అట్టడుగున పల్లెవెలుగు. దాని మీద ఎక్స్‌ప్రెస్. ఆ పైన డీలక్స్. ఫ్రెంచివాళ్ల దగ్గర ఇంగ్లీషువాళ్లు, వాళ్ల దగ్గర మనం తెచ్చుకున్న మాట అది; విలాసమంటే అదేనన్నమాట. విలాసం ఆనలేదేమో, దాని నెత్తిన అల్ట్రా డీలక్స్. అదీ చాలక సూపర్ లగ్జరీ. ఇంతా చేసి సూపర్ లగ్జరీలో ఏసీ ఉండదు. సీటు వెనక్కి వాలుతుంది, కిటికీ అద్దం మనమే జరుపుకోవాలి. మనం ఇటు లాగితే ముందు సీటాయన అటు తోస్తాడు, ఆ విలాసంలో విజయవాడ వచ్చేస్తుంది. ఏసీ బస్సుల దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు స్టాకు అయిపోయినట్టుంది, ఏకంగా దేవలోకానికి ఎగబాకి ఇంద్ర అన్నారు, గరుడ అన్నారు. పోనీ అక్కడైనా ఆగారా? గరుడ ప్లస్! సాక్షాత్తూ శ్రీమహావిష్ణువుని మోసే పక్షికి ఏం తక్కువైందని ప్లస్ తగిలించారో పండితులే తేల్చాలి.

రియల్ ఎస్టేట్‌వాళ్లకి ఆ మొహమాటం కూడా లేదు. హైదరాబాద్‌లో కోకాపేట వైపు వెళ్తూ తలెత్తితే ఆకాశం కనపడదు, ‘ఎక్స్‌క్లూజివ్’ కనపడుతుంది. ఏ కొద్దిమందికో దక్కేదని దాని భావం. వెయ్యి ఫ్లాట్లు కడతారు, ఆ కొద్దిమందీ పొద్దున్నే లిఫ్టు దగ్గర క్యూ కడతారు. ఇక పిల్లల పేర్ల సంగతి. ‘యునిక్’గా ఉండాలని నెలల తరబడి నెట్టంతా గాలిస్తారు. జూన్‌లో బడి తెరిచాక టీచరు ‘విహాన్’ అని పిలిస్తే ముగ్గురు లేచి నిలబడతారు. అప్పట్నుంచి వాళ్లు పొడుగు విహాన్, కళ్లజోడు విహాన్, ఏడుపు విహాన్. ఏ వెబ్‌సైటులోనూ దొరకని అసలు యునిక్ పేర్లు ఇవే.

సినిమావాళ్లని మాత్రం నేను తప్పుపట్టను. రెండో ప్రపంచ యుద్ధంలో వీధులకు వీధుల్ని నేలమట్టం చేసే బాంబుల్ని బ్లాక్‌బస్టర్ అనేవారు. మన దగ్గరా మార్నింగ్ షో అయ్యేసరికి జరిగేది చాలాసార్లు అదే.

అన్నిటికన్నా నాకు జాలేసేది ‘రేరెస్ట్ ఆఫ్ రేర్’ మీద. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉరిశిక్షకి గీసిన గీత అది. అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులోనే ఆ శిక్ష వెయ్యాలంది. అంత బరువైన మాటని ఇప్పుడు, ఇద్దరు నాయకులు ఒకే పెళ్లికొచ్చి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నా యాంకర్లు వాడేస్తున్నారు.

ఇన్ని చోట్ల తిరిగాక నాకు నమ్మకం కలిగించిన చోటు ఒక్కటే: గుంటూరు మిర్చి యార్డు. అక్కడా డీలక్స్ ఉంది. కానీ అది అంత తేలిగ్గా ఎవరి నోటా రాదు. కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు లాగుతాడు. రంగు చూస్తాడు. ఒకటి చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వింటాడు. వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తాడు, తుంచి లోపల చూస్తాడు. అంతా అయ్యాక, సొంత ఆస్తి రాసిస్తున్నవాడిలా, ‘మీడియం బెస్ట్’ అంటాడు. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, చివర తాలు. ఒక్కో మెట్టు దిగితే క్వింటాకి ధర కూడా దిగుతుంది. పేపర్లో పడేది డీలక్స్ రేటు, రైతు చేతికొచ్చేది మీడియం డబ్బులు. పాపం ఆయన ‘ఈ కాయకేమైందయ్యా, తేజ రకం కాదా ఇది?’ అంటూనే ఉంటాడు. పొగడ్త అమ్మేవాడి నోట్లో ఉంటే వరద, కొనేవాడి నోట్లో ఉంటే కరువు. రైతుకొక్కడికే ఆ కరువు రాసిపెట్టి ఉండటం అన్యాయం కదా!

అందుకని కొత్త శాఖకి నా మొదటి సిఫార్సు: యార్డులో బాగా నలిగిన వ్యాపారి ఒకాయన్ని తీసుకొచ్చి రాష్ట్రంలోని విశేషణాలన్నీ ఆయన చేతికి అప్పజెప్పాలి. ఆయన కోకాపేట వెళ్లి గోడ మీద వేలితో కొట్టి వింటాడు, పంపు తిప్పి చూస్తాడు, ‘మీడియం’ అని చీటీ రాస్తాడు. హాల్లో ఇంటర్వెల్ దాకా కూర్చుని, ‘తాలు ఎక్కువుంది, ఆరబెట్టి తీసుకురండి’ అని లేచొచ్చేస్తాడు. ‘వరల్డ్ క్లాస్’ కాలేజీకి వెళ్తే ల్యాబు తలుపు తాళం తీయమంటాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందో సాయంత్రానికిగానీ తేలదు.

అమలులో చిన్న చిక్కుందని ఒప్పుకోవాలి. చీటీ అందుకున్న బిల్డరు వారం తిరక్కుండానే కొత్త హోర్డింగ్ ఎత్తుతాడు: ‘నగరంలో తొలిసారిగా, అల్ట్రా మీడియం విల్లాలు. కొన్ని మాత్రమే మిగిలాయి.’