ఏ, యాన్, ది గార్లకు గోదావరి జిల్లాల విన్నపం

ఆయ్, నమస్కారమండి. ఇంగ్లీషు ఆర్టికల్స్ (a, an, the) అయిన తమరి ముగ్గుర్నీ కలిపినా ఆరే అక్షరాలు. ఒకటో తరగతిలో పట్టుకుంటే డిగ్రీ అయ్యాక కూడా వదలరు!

ముందు యాన్ గారి సంగతి. ఏ, ఇ, ఐ, ఓ, యు కనబడితే తమరొస్తారని పిల్లలకి బట్టీ వేయిస్తారు. తమరేమో అక్షరం చూడరు, చెవితో వింటారు. అందుకే ‘యాన్ అవర్’, కానీ ‘ఏ యూనివర్సిటీ’. అదీ పక్క మాటే వింటారు. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర కట్టించింది ‘యాన్ ఆనికట్’. మధ్యలో బిగ్ దూరితే ‘ఏ బిగ్ ఆనికట్’. ‘యాన్ ఎమ్మెల్యే’ దగ్గర తప్పు మాదే లెండి. ఫ్లెక్సీల మీద ‘యం.యల్.ఏ’ అని రాసి, రాసినట్టే పలుకుతాం. ‘య’ వినబడ్డాక నోరు ‘ఏ’ అనక ఏమంటుంది?

నిజానికి యాన్ గారే పెద్ద. ‘ఒకటి’ అనే పాత ఇంగ్లీషు మాటలోంచి పుట్టారు, హల్లు ముందు నకారం రాలిపోయి ఏ గారు మిగిలారు. ఆ నకారం మీద యావ పోక ‘నేప్రన్’ దగ్గర లాక్కుని దాన్ని ‘ఏప్రన్’ చేశారు. ‘నాడర్’ అనే పామునీ వదల్లేదు, అది ‘యాడర్’ అయి కూర్చుంది.

ఇక ది గారు. హల్లు ముందు తమరు ‘ద’, అచ్చు ముందే ‘ది’: ద భీమవరం బస్, ది అమలాపురం బస్. మేం అన్నిచోట్లా ‘ది’ అంటాం, ఈ ఉత్తరంలోనూ అంతే. గోదావరి, గౌతమి, వసిష్ఠ, బంగాళాఖాతం... వీటి ముందు పీట వేసుక్కూర్చుంటారు. రాజమండ్రి ముందుకి రమ్మంటే రారు. పోనీ ఊరు కదా అనుకుంటే, ‘కొల్లేరు లేక్’ అన్నా ముఖం తిప్పుకుంటారు. అవి మాత్రం నీళ్ళు కావా అండి?

మాకు తమరు లేరు. ‘పడవ కొన్నాడు’ అంటే ఏదో పడవ, ‘పడవని కొన్నాడు’ అంటే మనకి తెలిసిన ఆ పడవ. ఆ చిన్న ‘ని’ తమరి పని కొంత జీతం లేకుండా చేసిపెడుతోంది.

ఒక్క చోట మాత్రం తమరు లేకపోతే కొంపలంటుకుంటాయి. ‘టు జైల్’ అంటే ఖైదీగా, ‘టు ద జైల్’ అంటే ములాకత్‌కో మరో పనికో. కక్షిదారుని చూడ్డానికి రాజమండ్రి సెంట్రల్ జైలుకి బయల్దేరిన వకీలు ‘ఐ యామ్ గోయింగ్ టు జైల్’ అని ఇంటికి మెసేజ్ పెట్టాడనుకోండి, పాపం వాళ్ళావిడ జామీనుదార్లని వెతుక్కోవాలి. అక్కడైనా కాస్త ముందే వచ్చి కూర్చోండి. కావాలంటే కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపుతాం.

ఇట్లు,
తమరు లేకుండానే పొద్దస్తమానం మాట్లాడుకునే
గోదావరి జిల్లాల వారు