కటాఫ్ మార్కు గారికి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ కటాఫ్ మార్కు గారికి, ఉద్యోగ ఎంపిక సంఘాల్లో చాలాకాలంగా మీ సేవ చేసుకుంటున్న ఒక సభ్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. గీతకు పైన ఉన్నవారు కూడా క్షేమమే. కింద ఉన్నవారి యోగక్షేమాలు తెలుసుకునే ఏర్పాటు మన పద్ధతిలో లేదు కనుక ఆ సంగతి రాయలేకపోతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక ఎంపికలో మార్కుల జాబితాను పైనుంచి కిందికి పేర్చి, నలభయ్యో పేరు కింద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత గీసింది నేనే. నలభయ్యో అభ్యర్థికి 70 మార్కులు, నలభై ఒకటో అభ్యర్థికి 69.75. గీస్తుండగా స్కేలు జారి సిరా కింది పేరు మీదుగా పోయింది. పేరు కనబడటం లేదని ఒకరు అంటే, ఇక దాన్ని చదవాల్సిన పని లేదులెండి అని మరొకరు సర్దిచెప్పారు.

ఆ పావు మార్కులో మీకేం కనిపించిందో తెలుసుకుందామని తర్వాత లెక్క వేశాను. పరీక్ష విశ్వసనీయత, అంటే మళ్లీ పెట్టినా అదే ఫలితం ఎంతవరకు వస్తుందన్న కొలత, గరిష్ఠంగా 1 ఉండగలిగిన చోట 0.90, అంటే మంచి పరీక్షే. మార్కుల ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయన్నది, 10. ఈ రెండింటినీ బట్టి కొలతలోని ప్రామాణిక దోషం సుమారు 3.2 మార్కులు. అంటే ఆ రోజు 70 తెచ్చుకున్న మనిషే అదే స్థాయి ప్రశ్నపత్రం మరోసారి రాస్తే 67 రావచ్చు, 73 కూడా రావచ్చు. మూడు మార్కుల మందాన మంచు కమ్ముకున్న చోట పావు మార్కు తేడాను పట్టేసిన మీ చూపుకు జోహార్లు.

ఎవరైనా న్యాయం మాట ఎత్తితే కచ్చితత్వం దెబ్బతింటుందని మీ తరఫున మేమే అనేస్తాం. ఆ ఇద్దరూ ఒక కప్పు కింద ఇమడలేని తోడికోడళ్లని ప్రచారం చేసిందీ మేమే. ఇంతకీ ఆ కచ్చితత్వం ఎంత? సాధారణ మేధాశక్తి పరీక్షలకూ పనితీరుకూ మధ్య సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయన్న కొలత; పూర్తిగా కలిస్తే 1) 0.51 అని 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ష్మిట్, హంటర్ తేల్చితే, రెండు దశాబ్దాలకు పైగా దాన్ని ఎక్కాంలా వల్లె వేశాం. 2022లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త సాకెట్, ఆయన సహచరులు పాత లెక్కల్లో సవరణ పేరుతో పెంచింది ఎక్కువైందని చూపి దాన్ని 0.31కి దించారు, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో ముందు నిలిచింది. 0.31ను 0.31తోనే గుణించి చూడండి. మనుషుల పనితీరులోని తేడాల్లో మీ పరీక్ష పట్టుకునేది పదో వంతు.

అలాగని మీరు పుట్టక ముందు స్వర్గం నడిచిందని అనను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న పద్ధతిలో కొలువులు పంచిన రోజులతో పోలిస్తే మీరు నయమే. అయితే వడ్డించేవాడు మీ చాటున కూడా నిలబడగలడు. అమెరికాలోని నార్త్ కరొలినాలో డ్యూక్ పవర్ సంస్థ వారి డాన్ రివర్ విద్యుత్కేంద్రంలో నల్లజాతి కార్మికులకు కూలిపనుల విభాగంలో మాత్రమే చోటుండేది. అక్కడి అత్యధిక వేతనం మిగతా నాలుగు విభాగాల అత్యల్ప వేతనం కంటే తక్కువ. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం అమల్లోకి వచ్చిన 1965 జూలై 2 నాడే ఆ సంస్థకు ప్రతిభ మీద ప్రేమ పుట్టుకొచ్చి, మంచి విభాగాల్లో కొత్తగా చేరాలంటే హైస్కూలు పట్టాతో పాటు రెండు రాతపరీక్షలు గట్టెక్కాలంది. హైస్కూలు ముగించిన వారిలోనే సుమారు సగం మంది తప్పేంత ఎత్తున మిమ్మల్ని నిలబెట్టింది. అంతకుముందు పట్టా, పరీక్ష లేకుండా చేరిన తెల్లవారు మాత్రం పని చక్కగా చేసుకుంటూ పదోన్నతులు పొందుతూనే ఉన్నారు. విల్లీ గ్రిగ్స్, ఆయన తోటి కార్మికులు వేసిన దావాలో 1971లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ పరీక్షకూ ఆ పనికీ సంబంధం ఏమిటో చూపమంది. సంస్థ చూపలేకపోయింది. తోడికోడళ్ల తగవు అక్కడ లేనే లేదు; న్యాయాన్నీ కచ్చితత్వాన్నీ కలిపే గెంటేశారు.

అన్ని కేసులూ ఇంత తేలికైనవి కావని ఒప్పుకుంటాను. పనికి నిజంగా సంబంధం ఉన్న పరీక్షలో కూడా ఒక వర్గం వెనకబడవచ్చు. ఒక వర్గం ఎంపిక శాతం మరో వర్గం శాతంలో అయిదింట నాలుగు వంతులకు తగ్గితే అనుమానించమని 1978 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పాయి. అంటే ఒక వర్గంలో నూటికి 60 మంది, మరో వర్గంలో 30 మంది నెగ్గితే సంజాయిషీ ఇవ్వాలి. వర్గాన్ని బట్టి మార్కులు సవరిద్దామంటే 1991 నాటి అమెరికా చట్టం కూడదంది. అమెరికాలోని న్యూ హేవెన్ నగరం 2003లో అగ్నిమాపక సిబ్బంది పదోన్నతి పరీక్ష పెట్టి, అందులో వెనకబడిన వర్గం దావా వేస్తుందన్న భయంతో ఫలితాలను పక్కన పెడితే, అది కూడా తప్పేనని 2009లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ పరీక్షలో రాతకు 60, మౌఖికానికి 40 శాతం అన్న వాటా వచ్చింది కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం నుంచి. మంటల్లోకి మనుషులను నడిపించడంలో రాత ఎన్నో వంతో కొలిచి పెట్టిన అంకె కాదది.

కొలతలోని దోషానికి లోబడి ఉన్న మార్కులన్నిటినీ ఒక పట్టీగా చేర్చి సమానంగా చూడాలని కొందరు నిపుణులు అంటారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఆ పట్టీ కింది అంచున మళ్లీ మీరే కూర్చుంటారని తెలిసీ నచ్చింది. కనీసం అక్కడ ఉన్న పది మందిని పనికి దగ్గరగా ఉండే మరో పరీక్షతో, ఒకే తీరు ఇంటర్వ్యూతో చూడవచ్చు. మా సంఘంలో ఈ మాట అంటే ఖర్చెంత అని అడిగారు. గీతకు ఖర్చు లేదు కదా.

ఆ నలభై మంది పనితీరు నివేదికలు మొన్న నా బల్ల మీదికి వచ్చాయి. మార్కుల వరుసకూ పని వరుసకూ పొంతన అంతంత మాత్రమే. నలభై ఒకటో అభ్యర్థి ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో కనుక్కుందామని పాత జాబితా తీశాను. మా దగ్గర మిగిలింది నేను గీత గీసిన ప్రతి ఒక్కటే. ఎర్రసిరా కింద ఆ పేరు ఎంత వెలుతురులో పెట్టి చూసినా చదవడానికి రాలేదు. మీకు గుర్తుంటే దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
స్కేలు పట్టుకున్న మీ విధేయుడు