గాలి మిషన్ ఎంపికలో గృహస్థు ధర్మాలు

ఇంటికి వాస్తు చూడటానికి, పెళ్ళికి ముహూర్తం పెట్టడానికి మన సమాజంలో అనుభవజ్ఞులకు కొదవ లేదు గానీ, మోటారుసైకిలు టైర్లలో గాలి నింపుకోవడానికి ఇంట్లో ఎటువంటి చిన్న కంప్రెసర్ ఉంచుకోవాలో చెప్పగల పెద్దమనిషి మాత్రం మా వీధిలో ఒక్కడూ కనిపించలేదు. ఈ లోటును నేనే పూడ్చదలచి, మూడు వారాలపాటు నిద్రాహారాలలో నిద్రను మాత్రమే మాని పరిశోధించి, చివరకు 2,800 రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను. ఆ అనుభవాన్ని లోకానికి అప్పగించడం నా బాధ్యత.

పెట్రోలు బంకులో గాలి ఉచితమే కదా అని కొందరు అమాయకంగా అడుగుతారు. నిజమే, ఆయిల్ కంపెనీల నిబంధనల ప్రకారం బంకుల్లో గాలి, తాగునీరు ఉచితంగానే ఇవ్వాలి. అయితే గాలి కొట్టే కుర్రవాడు మనం వెళ్ళిన సమయానికి టిఫినుకు వెళ్ళకూడదన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు. పంక్చరు షాపులో పది రూపాయలు ఇస్తే రెండు టైర్లకూ కొడతారు. పదిహేను రోజులకు ఒకసారి చొప్పున లెక్క వేస్తే నా పెట్టుబడి వెనక్కి రావడానికి పదకొండున్నర సంవత్సరాలు పడుతుంది. మిషన్‌కు వారంటీ ఒక సంవత్సరం. తక్కిన పదిన్నర సంవత్సరాలు దానిని కంటికి రెప్పలా కాచుకోవడం మా కుటుంబానికి అప్పగించిన పని.

ఇక అసలు విషయం ఒత్తిడి. నా బండి చెయిన్ కవరు మీద అంటించిన స్టిక్కరు ప్రకారం ముందు టైరుకు 25, వెనక టైరుకు 28 పిఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడిని కొలిచే లెక్క) చాలు. వెనక మనిషి కూర్చుంటే మరికాస్త. దుకాణంలో ఏ డబ్బా చూసినా మీద పెద్ద అక్షరాలతో 150 అని ఉంది. 120 అని ఉన్న ఒకదానిని అమ్మకందారు కూడా కాస్త జాలిగానే చూపించాడు. ఇంతకూ ఈ 150 అంటే ఏమిటి? ఇక అంతకు మించి తోయలేక మిషన్ చేతులెత్తేసే చోటు అది. అక్కడికి చేరేసరికి టైరులోకి వెళ్ళే గాలి దాదాపు శూన్యం. అడగవలసిన ప్రశ్న, 30 దగ్గర ఇది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి పంపుతుంది అన్నది. లీటర్ల లెక్క డబ్బా మీద ఉంటే గింటే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, అదీ ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచినదై ఉంటుంది. ఈ సంగతులన్నీ తెలిసి కూడా నేను 150నే ఎంచుకున్నాను. ముగ్గురు తినే ఇంట్లో కల్యాణమండపం గుండిగ ఉండటంలో ఒక నిండుదనం ఉంది. రేపు మా అమ్మాయి రేసు సైకిలు కొనవచ్చు, దాని సన్నటి టైర్లకు 100 కావలసి రావచ్చు. అమ్మాయికి ప్రస్తుతం ఆరేళ్ళు. పక్క చక్రాలున్న సైకిలు తొక్కుతోంది. గృహస్థుకు ముందుచూపు ఉండాలి.

మా బావమరిది మాత్రం, "బావా, కొంటే ట్యాంకు ఉన్నదే కొనాలి, మిగతావన్నీ బొమ్మలు" అన్నాడు. అతను చూపించినది 24 లీటర్ల ట్యాంకు. గాలిని 8 బార్ వరకు నింపి దాచుకుంటుంది. బార్ అంటే ఒత్తిడికే మరో కొలత, ఒక బార్ సుమారు పద్నాలుగున్నర పిఎస్ఐ. కాగితం మీద లెక్క కట్టాను. నా టైరును 20 నుంచి 28కి తేవడానికి కావలసింది మూడు నాలుగు లీటర్ల బయటి గాలి. ఆ ట్యాంకు ఒకసారి నిండితే మోటారు మళ్ళీ తిరగకుండానే ముప్పై, నలభై టైర్లకు సరిపోతుంది. మా ఇంటి మొత్తం చక్రాల సంఖ్య, అమ్మాయి పక్క చక్రాలతో కలిపి, ఆరు. ఆ పక్క చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వి, గాలి తీసుకోవు. ప్రతిపాదనను విచారంతో తిరస్కరించాను.

పన్నెండు వోల్టుల రకం చౌక. కానీ అది కారులో సిగరెట్ లైటరు రంధ్రానికి తగిలించుకునే జాతి. నా బండికి ఆ రంధ్రం లేదు. మొసలి నోటి క్లిప్పులతో బండి బ్యాటరీకే తగిలించవచ్చన్నారు. నాలుగైదు ఆంపియర్ అవర్ల ఆ చిన్న బ్యాటరీ నుంచి పది ఆంపియర్లు లాగడమంటే, ముసలి ఎద్దు చేత బావిలో నీళ్ళు తోడించడమే. అందుచేత చార్జింగు పెట్టుకునే రకం కొన్నాను. టైరులో గాలి తగ్గిన రోజూ, మిషన్‌లో చార్జింగు అయిపోయిన రోజూ ఒకటే కావడం ఇప్పటికి రెండుసార్లు మాత్రమే జరిగింది.

దానితో వచ్చిన పుస్తకం ప్రకారం, మిషన్ పది నిమిషాలు పనిచేస్తే పదిహేను నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. నా ఉద్యోగ నియామక పత్రంలో కూడా ఇంత స్పష్టమైన హామీ లేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది కాబట్టి ఆ నిబంధన న్యాయమైనదేనని, గొట్టం చివరి ఇత్తడి ముక్కను పట్టుకున్న నా బొటనవేలు ధ్రువీకరించింది. ఆ ముక్క మోటారుసైకిళ్ళకూ కార్లకూ ఉండే ష్రేడర్ రకం వాల్వుకు, అంటే టైరుకు గాలి ఎక్కించే మూతికి, చక్కగా బిగుస్తుంది. అమ్మాయి సైకిలుది మన ఊళ్ళలో అందరి సైకిళ్ళకూ ఉండే డన్‌లప్ వాల్వు కావడం వల్ల అడాప్టరు విడిగా కొనవలసి వచ్చింది. 1888లో బెల్ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైర్లు అమర్చి పేటెంటు తీసుకున్నాడు. టైరులో గాలి చూడటం తండ్రుల నెత్తిన పడింది అప్పటి నుంచేనని నా అభిప్రాయం. మిషన్‌తోపాటు ఫుట్‌బాల్‌లో గాలి నింపే సూది కూడా ఇచ్చారు. సూది వృథా కాకూడదని ఫుట్‌బాల్ కొన్నాము.

ఇన్ని కారణాలు ఏకరువు పెట్టాక మా ఆవిడ బండితో వచ్చిన చిన్న పుస్తకం తిరగేసి, "ఏమండీ, గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలట. బంకు దాకా నడిపితే అప్పటికే వేడెక్కుతుంది కదా, ఇంట్లో అయితే పొద్దున్నే చూసుకోవచ్చు. అందుకేనా కొన్నారు?" అని అడిగింది. టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి ఒకటిన్నర పిఎస్ఐ దాకా పెరుగుతుంది కాబట్టి ఆమె చెప్పినది అక్షరాలా నిజం. మూడు వారాల పరిశోధనలో నాకు తట్టని కారణం అది. అందుకేనని చెప్పాను.

మా ఎదురింటి ఆయన మిషన్‌ను అరువు తీసుకుని, తెరమీద 28 కనిపిస్తుండగా ఏదో మీట నొక్కారు. పిఎస్ఐ కాస్తా బార్‌గా మారి 1.9 అని పడేసరికి, గాలంతా దిగిపోయిందని బెంబేలెత్తి బండి తోసుకుంటూ పంక్చరు షాపుకు వెళ్ళారు.

ప్రస్తుతం మిగిలిన సమస్య ఒక్కటే. మిషన్ చెప్పే అంకె నిజమో కాదో తేల్చుకోవడానికి 250 రూపాయలు పెట్టి ముల్లు గేజి ఒకటి విడిగా కొన్నాను. శ్రీకాళహస్తిలో వాయులింగం దగ్గరి దీపంలా ముల్లు కాసేపు రెపరెపలాడి 31 దగ్గర నిలబడింది. మిషన్ 28 అంటోంది. ఈ రెండింటిలో ఏది సత్యమో నిర్ణయించగల మూడో గేజి కోసం వెతుకుతున్నాను. అంతవరకు బండి స్టాండు మీద ఉంది, నేను ఆఫీసుకు షేర్ ఆటోలో వెళుతున్నాను.