నది దాటితే మారిపోయే ‘శాశ్వతం’

ఆస్ట్రేలియాలో ముర్రే నదికి ఉత్తరపు ఒడ్డున ఆల్బరీ, దక్షిణపు ఒడ్డున వొడోంగా జంట నగరాలుగా పెరిగాయి. ఒక ఊళ్లో కాపురముంటూ రెండో ఊళ్లో ఉద్యోగం చేసుకునేవారికి మధ్యలో ఉన్న వంతెన రోజువారీ దారి మాత్రమే. కానీ ఆల్బరీ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిది, వొడోంగా విక్టోరియాది. కన్నవారి వద్ద భద్రత లేదని కోర్టు తేల్చి పెంపుడు ఇంటికి పంపిన పసిబిడ్డ ఉత్తరపు ఒడ్డున ఉంటే, ఆ బిడ్డ కేసు దత్తత దాకా వెళ్లవచ్చు. దక్షిణపు ఒడ్డున ఉంటే దత్తత అత్యంత అరుదు, అక్కడ ఆ స్థానంలో ‘శాశ్వత సంరక్షణ ఆదేశం’, అంటే దత్తత లేకుండానే బిడ్డ బాధ్యతను పెంచేవారికి అప్పగించే కోర్టు ఉత్తర్వు, వస్తుంది. ఆస్ట్రేలియాలో బాలల రక్షణ రాష్ట్రాల పరిధిలోని విషయం కావడంతో, కన్నవారికి దూరంగా పెరుగుతున్న సుమారు 45 వేల మంది పిల్లల భవితవ్యం ఎనిమిది వేర్వేరు చట్టాల చేతుల్లో ఉంది.

ఆ తేడా ఎక్కడ తగులుతుందో తెలియాలంటే పెంపుడు ఇంటి గడప లోపలికి తొంగి చూడాలి. తాత్కాలిక సంరక్షణలో బిడ్డకు అన్నం పెట్టి, జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని ఉండేది పెంచుతున్నవారు. చట్టం దృష్టిలో ఆ బిడ్డ బాధ్యత ప్రభుత్వ శాఖది. పాస్‌పోర్టు కావాలన్నా, శస్త్రచికిత్సకు ఒప్పుకోవాలన్నా కేస్ వర్కర్ (ఆ బిడ్డ కేసు చూసే ఉద్యోగి) ద్వారా శాఖ అనుమతి రావాలి. రోజువారీ నిర్ణయాలను పెంచేవారికే వదిలే వెసులుబాటు చాలాచోట్ల వచ్చినా, బడి వారిచ్చిన విహారయాత్ర కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలో తేలక, తోటి పిల్లలు బస్సెక్కుతుంటే ఇంట్లో ఉండిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. శాశ్వత ఆదేశం అన్నిటికన్నా ముందు మార్చేది ఆ సంతకాన్నే.

విక్టోరియా 2014లో చేసిన, 2016 మార్చిలో అమలులోకి తెచ్చిన సవరణ ప్రకారం, బిడ్డను కన్నవారి ఇంటికి తిరిగి చేర్చడానికి సాధారణంగా 12 నెలలు, అసాధారణ పరిస్థితుల్లో 24 నెలలు గడువు పెట్టారు. అది దాటితే శాశ్వత సంరక్షణ వైపు నడుస్తారు. ఆ ఆదేశం బిడ్డకు 18 ఏళ్లు వచ్చేదాకా ఉంటుంది, కన్నవారితో ఉన్న చట్టబద్ధమైన బంధం తెగదు, జనన ధ్రువపత్రం మారదు. న్యూ సౌత్ వేల్స్ అదే 2014లో తన చట్టంలో ఒక వరస పెట్టింది: ముందు సొంత ఇంటికి చేర్చడం, కుదరకపోతే సంరక్షకత్వం (దత్తత లేకుండానే బంధువుకో మరొకరికో బిడ్డ బాధ్యత అప్పగించడం), ఆ తర్వాత దత్తత, చివరిగా మంత్రి బాధ్యత కింద ఉంచడం. ఆదివాసీ పిల్లల విషయంలో మాత్రం దత్తతను చిట్టచివరికి నెట్టింది. దత్తతతో పాత బంధం పూర్తిగా చెరిగిపోతుందన్న బాధను తగ్గించడానికి, కన్నవారి పేర్లూ పెంచినవారి పేర్లూ కలిపి ఉండే జనన ధ్రువపత్రాన్ని 2020 నుంచి ఇస్తోంది. ఇది చిన్న కాగితమే గాని, మేము చూసిన సంస్కరణల్లో ఇంత మానవీయమైనవి తక్కువ.

దత్తత అంటే ఆ దేశం ఎందుకు ఉలిక్కిపడుతుందో చరిత్ర చెబుతుంది. ఆదివాసీ పిల్లలను దశాబ్దాల పాటు కన్నవారి నుంచి లాక్కున్న తీరును 1997 నాటి విచారణ నివేదిక బయటపెట్టింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పెళ్లికాని తల్లుల నుంచి బిడ్డలను బలవంతంగా దత్తతకు ఇప్పించినందుకు 2013 మార్చి 21న అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ మరో క్షమాపణ చెప్పారు. ఇంత జరిగాక కూడా, నేడు ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో 40 శాతానికి పైగా ఆదివాసీలే. అయితే ఒకే చరిత్రను మోస్తున్న రెండు రాష్ట్రాలు దత్తతపై రెండు దారులు పట్టాయంటే, చట్టాల తేడాకు గతం ఒక్కటే కారణమని సరిపెట్టుకోలేము.

బ్రిటన్‌లోనూ ఇదే కథ. ఇంగ్లండ్‌లో 2005 డిసెంబరు నుంచి ‘ప్రత్యేక సంరక్షకత్వం’ ఉంది; స్కాట్లండ్ 2007 నాటి చట్టంతో, బిడ్డ పెద్దయ్యేదాకా ఎవరి బాధ్యతలో ఉండాలో తేల్చే ‘శాశ్వతత్వ ఆదేశం’ తెచ్చుకుంది. ఇంగ్లండ్‌లో బిడ్డ కేసు న్యాయస్థానం ముందుకు వెళ్తే, స్కాట్లండ్‌లో చాలా నిర్ణయాలు శిక్షణ పొందిన ముగ్గురు సామాన్య పౌరుల బృందం ముందు జరుగుతాయి. అమెరికాలో 1997 నాటి సమాఖ్య చట్టం గడియారాన్ని అందరికీ ఒకేలా పెట్టింది: గత 22 నెలల్లో 15 నెలలు పెంపుడు సంరక్షణలో గడిచిన బిడ్డ విషయంలో, కొన్ని మినహాయింపులు తప్ప, కన్నవారి హక్కుల రద్దుకు రాష్ట్రం కోర్టుకు వెళ్లాలి. మత్తు మాన్పించే కేంద్రంలో చోటు కోసం, అద్దె ఇంటి కోసం వరుసలో నిలబడ్డ తల్లికి ఆ నెలలు ఎంత తొందరగా కరిగిపోతాయో చట్టం లెక్కించదు. రెండేళ్ల బిడ్డకు అవే నెలలు జీవితంలో సగానికి పైగా అన్నది కూడా అంతే నిజం, అందుకే గడువులను పూర్తిగా ఎత్తివేయమనడానికి మాకు మనసు రాదు.

మా అభ్యంతరం మరోచోట ఉంది. ప్రభుత్వాల శ్రద్ధ ఆదేశం వచ్చే రోజు దాకానే సాగుతోంది, ఆ తర్వాత కేసు మూసి కట్ట కడుతున్నారు. ఇంగ్లండ్‌లో పెంపుడు సంరక్షణకు దేశమంతటికీ కనీస భత్యం ఉంది; అదే బిడ్డకు ప్రత్యేక సంరక్షకులైన అమ్మమ్మకో పిన్నికో ఆదాయం చూసి, స్థానిక మండలి నిర్ణయించినంత ఇస్తారు, ఆ మొత్తం ఊరినిబట్టి మారుతుంది. చిన్ననాటి దెబ్బలు పదమూడో ఏట, పద్నాలుగో ఏట బయటపడే పిల్లలకు మానసిక చికిత్స కావలసివచ్చేనాటికి, ఫోన్ చేయడానికి కేస్ వర్కర్ ఉండరు. మరింత సాయం కోసం బిడ్డను తాత్కాలిక సంరక్షణలోనే ఉంచమని పెంచేవారిలో కొందరు లోలోపల కోరుకుంటున్నారంటే, తప్పు వారిది అనగలమా?

చట్టాలన్నీ ఒకే అచ్చులో పోయాలని మేము అనడం లేదు. స్కాట్లండ్ పౌర బృందం ఇంగ్లండ్‌కు నప్పకపోవచ్చు. కానీ ఒకే దేశంలో ఒక రాష్ట్రపు కోర్టు ఇచ్చిన ఆదేశం పక్క రాష్ట్రంలో దానంతటదే చెల్లకపోవడాన్ని, కుటుంబం ఇల్లు మారితే బదిలీ కాగితాల వెంట తిరగవలసి రావడాన్ని సమాఖ్య వైవిధ్యం అని సమర్థించలేము. పెళ్లి, చదువు పట్టా, డ్రైవింగ్ లైసెన్సు సరిహద్దు దాటినా చెల్లుతున్నప్పుడు సంరక్షణ ఆదేశానికి ఆ గౌరవం ఇవ్వడానికి రాష్ట్రాల మంత్రులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేస్తే చాలు. దానితోపాటే, ఆదేశం వచ్చిన నాడు అందుతున్న భత్యమూ చికిత్సా బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా తగ్గకూడదని చట్టంలోనే రాయాలి. ఆల్బరీ నుంచి వొడోంగాకు ఇల్లు మారిన బిడ్డ కొత్త బడిలో చేరే రోజున, ప్రవేశ పత్రంపై పెంచినవారి సంతకాన్ని గుమస్తా మారుమాట లేకుండా తీసుకోవాలి.