మహారాజశ్రీ కాటన్ ఫీల్ దుప్పటి గారికి

మహారాజశ్రీ దుప్పటి గారి దివ్య సముఖమునకు,

కొర్లగుంట నుంచి తమ యజమానురాలు వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. తమరు క్షేమమేనని తెలుసు. పది రోజుల్లో మూడుసార్లు ఉతికినా తమ ఒంటి మీద ఒక్క ముడత పడలేదు. ఆ ముడతలన్నీ నా మొహానికొచ్చినాయి.

టైము రాత్రి రెండున్నర. ఇప్పుడే లేచి నైటీ మార్చుకున్నా. ఇది రెండోది. మూడోది ఉతికి దండెం మీద ఉంది, అదింకా ఆరలేదు. మే నెలలో తిరుపతి మిద్దె ఇళ్ల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పగలంతా ఎండ తాగుతాయి, రాత్రంతా కక్కుతాయి. దానికి తోడు నాకు నలభై తొమ్మిదేళ్లు, ముట్లు ఆగిపోయే మెనోపాజ్ వయసు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌కి చాదస్తం పట్టుకుంటుందంట. పిసరంత వేడి పెరిగినా కొంప అంటుకున్నట్టు గంట కొట్టి చెమట పట్టించేస్తుందంట. డాక్టరమ్మ థైరాయిడ్ చూపించింది, బాగానే ఉంది. "జొరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే మాత్రం వెంటనే రామ్మా, అది వేరే లెక్క. ప్రస్తుతానికి పక్కబట్టలు మార్చి చూడు. పల్చటి నూలువి వెయ్యి" అంది.

నూలువి అంది. ఆ ముక్క పట్టుకుని గాంధీరోడ్డుకి పోయినాను.

"అక్కా, ఇది చూడండి. ప్యూర్ కాటన్ ఫీల్. కూలింగు. ఆరొందల త్రెడ్ కౌంటు. దీనిమీద పడుకుంటే ఏసీ కూడా అక్కర్లే" అన్నాడు కుర్రోడు. నా చెవులు "ప్యూర్ కాటన్" దగ్గర ఆగిపోయినాయి. ఆ చివరి రెండక్షరాలు ఫ్యాను గాలికి కొట్టుకుపోయినట్టున్నాయి. 1,850 రూపాయలు.

సిగ్గుచేటు ఏందంటే, మా పుట్టిల్లు నగరి. మరమగ్గాల మోత ఆగితే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన పిల్లని నేను. మా అవ్వ ఏ బట్టనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నలిపి, "ఇది నూలు, ఇది కాదు" అనేది. అనుమానమొస్తే అంచులోంచి ఒక పోగు లాగి పొయ్యిలో పెట్టేది. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. కాకపోతే ముడుచుకుపోయి నల్లటి పూస కట్టి ప్లాస్టిక్ కంపు కొడుతుంది. అంత చదువు చూసిన దాన్ని, ఏసీ షాపులో "అక్కా" అనిపించుకోగానే వేళ్లు మర్చిపోయినాను.

మొదటి రాత్రే తమరి ప్రతాపం తెలిసింది. చెమట పట్టింది, సరే, పట్టడానికే కదా తమరిని తెచ్చుకుంది. ఆ చెమట ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే అనుమానంతో తమరి మీద ఒక నీటి చుక్క వేసినాను. చేమాకు మీద చుక్కలా దొర్లుకుంటూ పోయి మా ఆయన మోచేతికి తగిలింది. నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ల దాకా తేమని ఊరికే గాల్లోంచే పట్టుకుంటుంది. పాలిస్టర్‌కి అర పాలు కూడా పట్టదు. చెమట బట్టలోకి ఇంకి, గాలికి ఆరితేనే ఒళ్లు చల్లబడేది. తమరు ఇంకనివ్వరు, ఆరనివ్వరు. తర్వాత పోగు లాగి గ్యాస్ స్టవ్ మీద పెట్టినాను. అవ్వ బతికుంటే ఆ నల్లపూసలు నా మెళ్లోనే వేసేది.

ఇక ఆరొందల త్రెడ్ కౌంటు. చదరపు అంగుళంలో పడుగు పోగులు, పేక పోగులు కలిపి లెక్కేస్తే వచ్చేది ఆ అంకె. మామూలు నూలు దుప్పటికి రెండొందలో మూడొందలో ఉంటే గాలి హాయిగా ఆడుతుంది. ఒక్కో పోగులో మెలేసిన పీచుల్ని కూడా విడివిడిగా లెక్కేసుకుంటే అంకె ఎంతైనా ఉబ్బుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలని రేషన్ కార్డులో ఎక్కించినట్టు.

పరుపు గారితో కూడా ఒక మాట. బెంగుళూరు నుంచి మా వాడు పంపించిన మెమరీ ఫోమ్ తమరు. 1960లలో నాసా వాళ్లు విమానం సీట్ల కోసం చేయించిన సరుకంట. రేణిగుంటలో నేను విమానం ఎక్కింది ఒకే ఒక్కసారి. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటిని పట్టుకుని, ఆ వేడిని దాచిపెట్టుకునే గుణం తమరిది. జ్ఞాపకశక్తి అంటే ఇదేనా? తమరి విచారణ తర్వాత.

మళ్లీ దుప్పటి గారి దగ్గరికి వస్తా. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి, చెప్పులు తారుకి అంటుకునే ఎండలో, తమరిని సంచిలో పెట్టుకుని ఆటోలో షాపుకి పోయినాను. కుర్రోడు నన్ను గుర్తుపట్టలేదు. ఓనరు పట్టినాడు. కూర్చోబెట్టి చల్లటి నీళ్లు ఇచ్చినాడు కూడా, పాపం.

"విప్పినాక వాపసు తీసుకోమక్కా."

"ఇది కాటనే కాదు కదా నాయనా."

"కాటనని మేమెప్పుడు చెప్పినాం? కాటన్ ఫీల్ అని రాసిండాది, చూడండి." వేలు పెట్టి చూపించినాడు. నిజమే, రాసిండాది. "ఫీల్ ఉండాదా లేదా, మీరే చెప్పండి."

అరగంట వాదించినా. ఆయనకి ఎక్కడా చెమట పట్టలేదు. తిరిగొస్తుంటే లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో ఆగిపోయింది. ఆ ఎండలో నిలబడి నాకు వచ్చిన ఆలోచనలు రాస్తే తమరు కాలిపోతారు, పూస కట్టి.

ఫీల్! ఏందయ్యా ఈ ఫీల్? రేపు హోటల్లో సంగటి ఫీల్ ముద్ద పెడతారా? నేను 1,850 రూపాయల ఫీల్ ఇచ్చి ఊరుకుని ఉంటే ఒప్పుకునేవాడా ఆ ఓనరు? పాతికేళ్లుగా మా ఆయన ఇంటిపనిలో సాయం చేస్తున్న ఫీల్ ఇస్తూనే ఉన్నాడు. ఒక ఇంట్లో అట్లాంటిది ఒకటి చాలదా? కాటనయితే కాటనని చెప్పు. పాలిస్టరయితే పాలిస్టరని చెప్పు, దానికీ ఒక బతుకుంది, స్కూలు యూనిఫాంలన్నీ దాంతోనే కదా గడిచింది. ఈ రెంటికీ మధ్య దొంగదారిలో దూరి, నిద్రలేక చచ్చే ఆడదాని పక్కలో పడుకుంటావా? నీకు సిగ్గుండాదా?

ఉండదులే. సిగ్గుంటే కొంచెమన్నా తడుస్తావు.

ఇదంతా మిద్దె మీద కూర్చుని రాస్తున్నా. కింద ఈతచాప. దాని మీద మా అవ్వ వెంకటగిరి చీర, రెండు మడతలు. జరీ పోయింది, అక్కడక్కడా చిరిగింది, రంగేదో చెప్పలేం. ఇందాక చెమట పట్టింది. పట్టిన చెమట చీరలోకి ఇంకింది. కొండ మీద నుంచి ఇంత గాలి వచ్చేసరికి వీపు చల్లబడింది. త్రెడ్ కౌంటు అడుగుదామంటే అవ్వ లేదు.

కింద తమరి మీద మా ఆయన గుర్రు పెడుతున్నాడు. ఆయనకి చెమట లేదు, మెనోపాజ్ లేదు, దుప్పటి ఏదో కూడా తెలీదు. తెల్లారి ఆయన లేచినాక తమరిని ఉద్యోగంలో పెడుతున్నా. నీళ్లు పీల్చరు, ముడత పడరు, మాపు కనపడదు. మా స్కూటీకి కవరు లేదు. జూన్‌లో వానలు మొదలయితే తమరంత మంచి కవరు గాంధీరోడ్డులో దొరకదు. అది మాత్రం ఫీల్ కాదు, నిజం.

ఇట్లు,
గౌరవం ఫీల్‌తో,
తమరి మాజీ యజమానురాలు